వ్యాఖ్యానం తీసేస్తే బొమ్మ ఏం చెబుతుంది?

1957లో ఫ్రెంచ్ దర్శకుడు క్రిస్ మార్కర్ సైబీరియా మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. అందులో యాకుత్స్క్ పట్టణంలోని ఓ వీధి వస్తుంది. బస్సు వెళ్తుంటుంది, కార్మికులు వంగి రోడ్డు చదును చేస్తుంటారు, దారిన పోయే మనిషొకడు కెమెరా వైపు ఓ చూపు విసిరి వెళ్లిపోతాడు. అంతే. ఈ కాసిని షాట్లనే మార్కర్ వరసగా మూడుసార్లు చూపించాడు. బొమ్మ మారదు, వెనక వినిపించే మాటలు మాత్రం మారతాయి. మొదటి వ్యాఖ్యానం వింటుంటే సోవియట్ ప్రభుత్వం కొత్త లోకాన్ని కడుతోందనిపిస్తుంది, కార్మికులు ఉత్సాహంగా కనిపిస్తారు. రెండోసారికి ఆ కార్మికులే వెట్టిచాకిరీ చేస్తున్నట్టుంటారు, దారిన పోయేవాడి చూపులో ఏదో కుట్ర తోస్తుంది. మూడో వ్యాఖ్యానం ఎటూ మొగ్గకుండా ఉన్నదున్నట్టు చెప్పాలని చూస్తుంది. విచిత్రమేమిటంటే అదీ పూర్తి నిజంలా అనిపించదు.

డాక్యుమెంటరీలో మాటకు ఎంత పెత్తనం ఉందో ఇంతకంటే సూటిగా చూపించిన సినిమా నాకు తెలియదు. మరి ఆ మూడు వ్యాఖ్యానాలూ తీసేసి, ఉత్త బొమ్మను ప్రేక్షకుడి ముందు పెడితే ఏమవుతుంది? మాటల్లేని డాక్యుమెంటరీలను ఇష్టపడేవాళ్లు మామూలుగా చెప్పే జవాబు ఒకటుంది: అప్పుడు నిజం తనంతట తానే మాట్లాడుతుందని. నేనూ ఈ సినిమాల అభిమానినే కానీ ఆ జవాబు నాకు మింగుడుపడదు. మాట తీసేసినంత మాత్రాన పెత్తనం పోదు, చేతులు మారుతుంది. ఎడిటర్‌కు కొంత, కెమెరా వేగానికి కొంత, సంగీతానికి బోలెడంత పోగా, మిగిలింది చూసేవాడికి దక్కుతుంది. ఈ సినిమాల బలమూ, వాటితో వచ్చే చిక్కూ రెండూ ఈ పంపకంలోనే ఉన్నాయి.

ఏ సినిమాల గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకుందాం. మాటల్లేని సినిమా అనగానే మనకు 'పుష్పక విమానం' గుర్తొస్తుంది. అందులో సంభాషణలు లేకపోయినా కథ ఉంది, పాత్రలున్నాయి, నటులున్నారు. ఇక్కడి విషయం అది కాదు. నిజంగా ఉన్న మనుషుల్ని, ఊళ్లను, జంతువుల్ని, కొండల్ని, యంత్రాల్ని తీసి, వాటి మీద వ్యాఖ్యానం గానీ ఇంటర్వ్యూలు గానీ లేకుండా కూర్చిన సినిమాలివి. ఇది ఫలానా చోటు అని చెప్పే అక్షరాలు కూడా చాలావాటిలో ఉండవు. అలాగని మూకీలు కావు. చప్పుళ్లుంటాయి, సంగీతముంటుంది, ఒక్కోసారి మనుషుల మాటలు దూరం నుంచి వినిపిస్తుంటాయి. ఆ మాటల వల్ల మనకు ఏమీ తెలియదు, అంతే తేడా.

నిజానికి సినిమా పుట్టిందే ఇలా. 1895లో లూమియేర్ సోదరులు తమ ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికి రావడాన్ని తీశారు. ఆ బొమ్మ నిమిషం కూడా ఉండదు, అందులో ఎవరూ ఏమీ చెప్పరు. అప్పట్లో అంతకు మించి వీలు కాదు కాబట్టి అలా ఉంది. మాట లేకపోవడాన్ని కావాలని ఎంచుకున్న సినిమాలు 1920ల చివర్లో వచ్చాయి. వాల్టర్ రుట్‌మాన్ 1927లో బెర్లిన్ నగరపు ఒక రోజును తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా చూపించాడు. యోరిస్ ఇవెన్స్, మానస్ ఫ్రాంకెన్ ఆమ్‌స్టర్‌డామ్‌లో నెలల తరబడి పడిన వానల్ని తీసి, 1929లో అన్నిటినీ కలిపి ఒకే వానగా కూర్చారు. చూస్తే పన్నెండు నిమిషాల్లో మబ్బు పట్టి, కురిసి, వెలిసినట్టే ఉంటుంది.

అదే ఏడాది సోవియట్ దర్శకుడు జిగా వెర్తోవ్ తీసిన 'మాన్ విత్ ఎ మూవీ కెమెరా' వచ్చింది. ఇందులో మధ్యమధ్య అక్షరాలుండవు, స్క్రిప్టు లేదు, సెట్లు లేవు, నటులు లేరు అని సినిమా మొదట్లోనే ఒక ప్రకటన వేశాడు. (అక్షరాలు అక్కర్లేదని చెప్పడానికి అక్షరాలే కావాల్సొచ్చాయి.) 2014లో బ్రిటన్‌లోని 'సైట్ అండ్ సౌండ్' పత్రిక పెట్టిన ఓటింగ్‌లో ఇప్పటివరకు వచ్చిన డాక్యుమెంటరీలన్నిటిలో దీనికే మొదటి స్థానం వచ్చింది. ఆ సినిమాలో నాకు బాగా ఇష్టమైన చోటు ఒకటుంది. నడుస్తున్న బొమ్మ టక్కున ఆగిపోతుంది. తర్వాత ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఎలిజవెతా స్విలోవా కనిపిస్తుంది. వెర్తోవ్ భార్య, ఈ సినిమాకు ఎడిటర్ ఆమే. ఆమె చేతిలో ఉన్న ఫిల్ములో పిల్లల ముఖాలు ఉత్త ఫొటోల్లా ఆగి ఉంటాయి. ఆమె ముక్క కత్తిరించి అతికించాక అవే ముఖాలు నవ్వడం మొదలుపెడతాయి. ఇలాంటి సినిమాలకు అసలు రచయిత ఎవరో వెర్తోవ్ దాచలేదు.

తర్వాత టాకీలు వచ్చాయి. న్యూస్‌రీళ్లు, ప్రభుత్వ ప్రచార చిత్రాలు, బడిలో చూపించే పాఠాలు అన్నిటి మీదా ఒక గంభీరమైన మగ గొంతు వచ్చి కూర్చుంది. సినిమా చదువుల్లో దాన్ని 'దేవుడి గొంతు' అంటారు. ఎక్కడి నుంచో వస్తుంది, అన్నీ తెలిసినట్టు మాట్లాడుతుంది, ఎవరూ ఎదురు చెప్పలేరు. డాక్యుమెంటరీ అంటే ఇదే అని జనం స్థిరపడిపోయాక, ఆ గొంతు లేని సినిమా మళ్లీ పెద్ద తెర మీద నిలబడింది 1982లో, 'కొయానిస్కాట్సి'తో. దర్శకుడు గాడ్‌ఫ్రీ రెజియో అంతకుముందు పద్నాలుగేళ్లు ఒక క్రైస్తవ సన్యాసి సంఘంలో ఉన్నవాడు. కెమెరా రాన్ ఫ్రికె, సంగీతం ఫిలిప్ గ్లాస్. 1975లో మొదలుపెడితే పూర్తవడానికి ఏడేళ్లు పట్టింది. రెజియో దానికి కొనసాగింపుగా 1988లో ఒకటి, 2002లో ఒకటి తీశాడు. ఫ్రికె విడిగా వెళ్లి, నిర్మాత మార్క్ మాగిడ్సన్‌తో కలిసి 24 దేశాల్లో 'బరాక' (1992), 25 దేశాల్లో 'సంసార' (2011) తీశాడు. ఈరోజు మాటల్లేని డాక్యుమెంటరీ అంటే ఎక్కువమందికి తెలిసినవి ఇవే.

చూసేవాడు చేసే పని

1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ బుల్లి యానిమేషన్ చిత్రం తయారుచేశారు. అందులో ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపులా తెరుచుకునే ఓ డబ్బా ఆకారం ఉంటాయి. అవి అటూ ఇటూ కదులుతాయి, ఇంకేమీ జరగదు. ఏం చూశారో రాయమంటే దాదాపు అందరూ కథే రాశారు. పెద్ద త్రిభుజం దౌర్జన్యం చేస్తోందట, చిన్నది ఎదిరిస్తోందట, వృత్తం భయపడి దాక్కుందట. గీతలు కదిలాయని మాత్రమే రాసి ఊరుకోవడం మనిషికి చేతకాలేదు.

అంతకు పాతికేళ్ల ముందు రష్యాలో లెవ్ కులెషోవ్ అనే సినిమా దర్శకుడు ఇంకో వైపు నుంచి ఇదే కనిపెట్టాడు. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖం తీసుకుని, దాని పక్కన ఓసారి సూపు గిన్నె, ఓసారి శవపేటిక పెట్టాడు. ముఖం అదే అయినా జనానికి ఓసారి ఆకలి కనిపించింది, ఓసారి దుఃఖం కనిపించింది. రెండు బొమ్మల మధ్య ఖాళీ ఉంటే దాన్ని నింపకుండా మన బుర్ర ఊరుకోదు.

మాటల్లేని డాక్యుమెంటరీ మొత్తం ఈ గుణం మీద నడుస్తుంది. 'బరాక' మొదట్లో జపాన్‌లోని వేడినీటి గుంటలో మెడ దాకా మునిగి కూర్చున్న ఓ కోతి కనిపిస్తుంది. చుట్టూ మంచు. కెమెరా చాలాసేపు దాని ముఖం మీదే ఉంటుంది. కోతి మెల్లగా కళ్లు మూస్తుంది. ఆ వెంటనే నక్షత్రాలతో నిండిన ఆకాశం వస్తుంది. చూసినవాళ్లలో చాలామంది ఆ కోతి ధ్యానంలో ఉందనే అనుకుంటారు. అది వెచ్చదనానికి కునుకు తీస్తోందేమో! మామూలు ప్రకృతి డాక్యుమెంటరీ అయితే ఈపాటికి అది ఏ జాతి కోతో, చలికాలంలో నీళ్లలోకి ఎందుకు దిగుతుందో చెప్పేసేది. మనకు ఒక విషయం తెలిసేది, ఆ ముఖం చూడటం అక్కడితో ఆగిపోయేది. పేరు, కారణం దొరికాక కన్ను తర్వాతి బొమ్మ కోసం ఎదురుచూస్తుంది. అవి దొరకనప్పుడు చూస్తూనే ఉంటుంది. ఈ సినిమాల మొదటి బలం ఇదే: చెప్పాల్సింది చెప్పకుండా ఆపి, మన చూపును ఎక్కువసేపు పనిలో పెడతాయి. కోతి మనసులో ఏముందో తెలిసిపోయిందన్న భ్రమ దానికి మనం కట్టే ధర.

వేగమే ఒక అభిప్రాయం

చెట్టు కదలదని, కొండ మారదని మనం అనుకుంటాం. అవి కదలకా కాదు, మారకా కాదు. వాటి కాలం మన కంటికి అందదు. కెమెరాకు అందుతుంది. ఐదు సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున తీస్తే గంటలో 720 ఫ్రేములవుతాయి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తెర మీద నడిపితే ఆ గంట 30 సెకన్లలో అయిపోతుంది. టైమ్‌లాప్స్ అంటే ఇంతే. లెక్క తేలికే, ఫలితం మాత్రం తేలికైనది కాదు. మబ్బులు కొండ అంచు మీది నుంచి నీళ్లలా జారతాయి. నీడలు లోయ గోడల మీద పాకుతాయి. ఇన్నాళ్లూ వెనకాల అట్టబొమ్మలా పడి ఉన్న ప్రకృతి ఒక్కసారిగా పని చేస్తున్న శక్తిగా కనిపిస్తుంది. దీన్ని ఎన్ని మాటలతో చెప్పినా ఒప్పుకుంటామే తప్ప చూడలేం. ఇక్కడ బొమ్మకు పోటీ లేదు.

అదే కెమెరాను నగరం మీదికి తిప్పండి. కార్ల లైట్లు ఎర్రటి, తెల్లటి గీతలైపోతాయి. రైల్వే స్టేషన్లో జనం ద్రవంలా ప్రవహిస్తారు. 'కొయానిస్కాట్సి'లో నగరాన్ని ఇలా చూపించే భాగం ఇరవై నిమిషాలకు పైగా సాగుతుంది. ఎస్కలేటర్ మీద వస్తున్న మనుషుల పక్కన ఫ్యాక్టరీ యంత్రంలోంచి వరసగా వస్తున్న సాసేజ్‌లు, పై నుంచి తీసిన నగరం పక్కన కంప్యూటర్ చిప్. మనిషి యంత్రానికి ముడిసరుకైపోయాడని ఎవరూ అనలేదు. కానీ ఆ ఇరవై నిమిషాలూ చూసినవాడు అది తన సొంత ఆలోచనే అనుకుంటాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. కోతల కాలంలో పొలంలో పనిచేస్తున్న మనుషుల్నో, ఏదో తీర్థంలో కలిసిన జనాన్నో ఇదే వేగంతో తీస్తే వాళ్లూ యంత్రాల్లాగే కనిపిస్తారు. మనిషిని చీమను చేసింది నగరం కాదు, ఫ్రేముల లెక్క. ప్రకృతిని వేగంగా తిప్పితే ప్రాణం వస్తుంది, మనిషిని వేగంగా తిప్పితే ప్రాణం పోతుంది. ఒకే ట్రిక్కుతో ఒకరికి గౌరవం, ఇంకొకరికి అవమానం జరిగిపోతుంది. మనిషికి ప్రకృతికి మధ్య ఏదో చెడిందన్న ఆ సినిమా వాదనలో ఎంత లోకంలోంచి వచ్చిందో, ఎంత టైమ్‌లాప్స్‌లోంచి వచ్చిందో విడదీయడం కష్టం. రెజియోకూ ఇది తెలుసనే అనుకుంటాను, ఎందుకంటే అదే సినిమాలో మనుషుల్ని ఒక్కొక్కరినే స్లో మోషన్లో, దగ్గరగా, కెమెరా వైపు చూస్తుండగా నిలిపాడు. ఆ షాట్లలో పోయిన మనిషి తిరిగొస్తాడు.

ఆర్మేనియా దర్శకుడు అర్తవాజ్ద్ పెలెష్యాన్ 1975లో తీసిన 'ది సీజన్స్' అరగంట సినిమాలో మనిషి, ప్రకృతి ఎదురెదురు పక్షాలుగా ఉండవు. కాపరులు గొర్రెల్ని చంకలో బిగించుకుని కొండవాలు మీది నుంచి జారిపోతారు, నీటి ఉరవడిలో వాటితో పాటు కొట్టుకుపోతూ ఒడ్డు పట్టుకుంటారు. ఎవరు ఎవర్ని కాపాడుతున్నారో చెప్పలేం. సంబంధం ఉన్న షాట్లను పక్కపక్కన కాకుండా దూరదూరంగా పెట్టాలన్నది పెలెష్యాన్ సిద్ధాంతం. ఒకసారి చూసిన బొమ్మ చాలాసేపటికి మళ్లీ వచ్చినప్పుడు, మధ్యలో చూసిందంతా దాని అర్థాన్ని మార్చి ఉంటుంది. మనిషి పక్కన సాసేజ్ పెట్టడం కంటే ఇది నిజాయితీగల పద్ధతని నా ఉద్దేశం. అయితే అంత తేలిగ్గా ఎక్కదు, కాబట్టి అంత పేరూ రాలేదు.

ఫ్రేము పెద్దదవడం గురించి ఒక మాట. ఫ్రికె 70 ఎంఎం పట్టుకుని వేలాడటం గొప్ప కోసం కాదు. ఆ ఫిల్మ్ నెగెటివ్ మీద బొమ్మ మామూలు 35 ఎంఎం బొమ్మకు దాదాపు మూడున్నర రెట్లుంటుంది. ఎక్కడ చూడాలో చెప్పే గొంతు లేనప్పుడు కన్ను తెరంతా తిరగాలి, తిరగడానికి అక్కడ వివరం ఉండాలి. అందుకే ఫోన్లో చూసి "బోర్ కొట్టింది" అనేవాళ్లను నేను తప్పు పట్టను.

దాక్కున్న వ్యాఖ్యాత

'మైక్రోకాస్మాస్' (1996) అనే ఫ్రెంచ్ సినిమా పచ్చికలోని పురుగుల లోకం గురించి. మొదట్లో, చివర్లో నాలుగు మాటలు తప్పిస్తే అంతా బొమ్మే. అందులో రెండు నత్తలు కలుసుకునే సన్నివేశం చాలామందికి గుర్తుండిపోతుంది. నురగలా మెత్తగా ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి, వెనకాల ఒపెరా గాయని గొంతెత్తి పాడుతుంటుంది. నత్తలు ప్రేమలో ఉన్నాయి! ఆ పాట తీసేసి చూస్తే రెండు నత్తలు జతకడుతున్నాయి, అంతే. "ఇవి ఎంత గాఢంగా ప్రేమించుకుంటున్నాయో చూడండి" అని ఏ వ్యాఖ్యాతైనా అంటే నవ్వుతాం. ఆ పాట అదే మాటంటే కళ్లు చెమరుస్తాయి. మాటతో వాదించొచ్చు, రాగంతో వాదించలేం.

ఫిలిప్ గ్లాస్ సంగీతం ఈ విషయంలో ఇంకా లోతుగా పనిచేస్తుంది. ఒకే చిన్న వరస తిరిగి తిరిగి వస్తూ, ఒక్కో స్వరం మారుతూ, వేగం పెంచుకుంటూ పోతుంది. అతను బొమ్మ చూసి స్వరపరిచాడు, ఆ సంగీతం విని బొమ్మను మళ్లీ ఎడిట్ చేశారు. చివరికి ఏది దేన్ని నడిపిస్తోందో చెప్పలేనంతగా రెండూ కలిసిపోయాయి. ట్రాఫిక్ చూసి మనకు పుట్టే టెన్షన్‌లో సగం ఆ వరసలదే.

చప్పుళ్ల సంగతీ అంతే. చాలా దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన జంతువు అడుగుల చప్పుడు మైకుకు అందదు. ప్రకృతి డాక్యుమెంటరీల్లో వినిపించే చాలా శబ్దాలు తర్వాత స్టూడియోలో చేసి చేర్చినవే. వ్యాఖ్యానం ఉన్న సినిమాలో వాటిని పట్టించుకోం. మాట లేనప్పుడు చెవి ఆకలి మీద ఉంటుంది, ఏం పెట్టినా నిజమని తీసుకుంటుంది.

ఇది గ్రహించిన దర్శకులు కొందరు సంగీతాన్నే వదిలేశారు. విక్టర్ కొసకోవ్‌స్కీ తీసిన 'గుండా' (2020) అందులో ఒకటి. రౌడీ సినిమా అనుకోకండి, ఒక తల్లి పంది పేరు అది. బ్లాక్ అండ్ వైట్, మాట లేదు, పాట లేదు, మనిషి ఒక్కడూ కనపడడు. పంది ఈనుతుంది, పిల్లలు పాల కోసం తోసుకుంటాయి, పెరుగుతాయి. చివర్లో ఓ వాహనం వచ్చి పిల్లలన్నిటినీ పట్టుకుపోతుంది. ఆ తర్వాత కెమెరా కట్ చేయకుండా తల్లితోనే ఉంటుంది. అది నిమిషాల తరబడి అటూ ఇటూ తిరుగుతుంది, వాసన చూస్తుంది, ఆగుతుంది, మళ్లీ వెతుకుతుంది. విషాద సంగీతం ఒక్క చుక్క పడినా ఆ దృశ్యం ప్రచారమయ్యేది. మాంసాహారం తప్పని గానీ ఒప్పని గానీ సినిమా అనదు. అనలేదు కాబట్టి తోసిపుచ్చడానికి మనకు వాదనేదీ దొరకదు.

బొమ్మకు చేతకానివి

బొమ్మ "ఇదిగో" అనగలదు. రెండు బొమ్మలు కలిస్తే "ఇది దానిలా ఉంది" అనగలవు, "దీని తర్వాత అది" అనగలవు. "ఎందుకంటే" అనలేవు. "కాదు" అనలేవు. "ఎంత", "ఎవరు", "ఎప్పుడు" అనలేవు. పర్యావరణం గురించి మాట్లాడాలంటే అవసరమయ్యేవి సరిగ్గా ఈ మాటలే కావడం ఈ సినిమాల దురదృష్టం.

'కొయానిస్కాట్సి'లో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ భవనాలు పేలుడుతో కుప్పకూలే దృశ్యం ఉంది. అవి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేదల కోసం 1950ల మధ్యలో ప్రభుత్వం కట్టిన ప్రూయిట్-ఐగో కాలనీవి. మొత్తం 33 భవనాలు, ఒక్కోటి 11 అంతస్తులు. 1972లో కూల్చడం మొదలుపెట్టారు. ఖాళీ కిటికీలు, పగిలిన అద్దాలు, తర్వాత పేలుడు, దుమ్ము, వెనక ఉధృతమవుతున్న సంగీతం. చూసినవాడికి అందేది ఆధునిక నగరం తన బరువుకు తానే కూలుతోందన్న భావన. అసలు కథలో జనం నగరం వదిలి శివార్లకు వెళ్లిపోవడం ఉంది, జాతి వివక్ష ఉంది, పేదలు కట్టే అద్దెలతోనే మరమ్మతులు జరగాలన్న నిబంధన ఉంది. ఇవన్నీ మనుషులు తీసుకున్న నిర్ణయాలు, వేరేగా తీసుకోగలిగినవి. బొమ్మలో అవి విధిరాతలా మారిపోయాయి.

ఆ సినిమా ముగింపులో ఒక రాకెట్ నిప్పులు చిమ్ముతూ లేస్తుంది, పైకెళ్లి పేలిపోతుంది, ఒక ముక్క తిరుగుతూ తిరుగుతూ కిందికి పడుతూనే ఉంటుంది. అద్భుతమైన ముగింపే. కానీ లేచిన రాకెట్, పేలిన రాకెట్ ఒకటి కావు. లేచింది మనుషుల్ని చంద్రుడి మీదికి పంపిన సాటర్న్-5, అది చంద్రుడి యాత్రల్లో ఎప్పుడూ అలా పేలలేదు. పేలింది 1962 మేలో మొదటి ప్రయోగంలోనే విఫలమైన అట్లాస్-సెంటార్. వ్యాఖ్యాత ఎవరైనా "ఈ రాకెట్ పేలిపోయింది" అని ఉంటే అబద్ధం చెప్పాడని పట్టుకునేవాళ్లం. రెండు షాట్లను కలిపిన కట్ మీద అలాంటి కేసు పెట్టలేం. కవిత్వం కింద వదిలేస్తాం, వదిలేయొచ్చు కూడా. డాక్యుమెంటరీ అన్న పేరు పెట్టుకున్నందుకు మాత్రం గుర్తుంచుకోవాలి.

రెజియో తర్వాతి సినిమా 'పొవాకాట్సి' బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గనిలో మొదలవుతుంది. బురదలో మునిగిన వేలమంది బస్తాలు మోస్తూ నిటారు గోడల మీద ఎక్కుతుంటారు. స్లో మోషన్లో, పండగలాంటి సంగీతంతో. బానిసత్వపు చిత్రమనే ఎవరైనా అనుకుంటారు. అక్కడ చాలామంది అదృష్టం పండుతుందన్న ఆశతో తమంతట తాము వచ్చినవాళ్లు. వాళ్లలో ఒక్కరిని నోరు తెరవనిచ్చినా బొమ్మ అర్థం మారిపోయేది, ఆ కష్టం మాత్రం తగ్గేది కాదు. 'బరాక'లో మండే కువైట్ చమురు బావులూ అంతే. 1991లో వెనుదిరుగుతున్న ఇరాక్ సైన్యం 600కు పైగా బావులకు నిప్పు పెట్టింది. సినిమాలో అది మానవజాతి చేసిన పాపంగా కనిపిస్తుంది. చేసినవాళ్లకు పేరుంది, దేశముంది, కారణముంది. "మనిషి" అనే ఒక్క ముద్దలో అందర్నీ కలిపేస్తే తప్పు చేసినవాడికే లాభం.

ఇంకో పరిమితి అచ్చంగా భౌతికమైనది. వాతావరణాన్ని వేడెక్కిస్తున్న కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, కెమెరాకు కనపడదు. విద్యుత్ కేంద్రాల కూలింగ్ టవర్ల నుంచి లేచే తెల్లటి మేఘాలు గుండె గుభేల్మనేలా ఉంటాయి. కానీ అవి ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటి తుంపరలే. మాటల్లేని సినిమాలో అసలు దోషి కనపడడు, నిర్దోషి విలన్‌లా నిలబడతాడు.

మనుషుల విషయం ఇంకా సున్నితం. 'సంసార'లో ఎన్నో దేశాల మనుషులు కెమెరాలోకి సూటిగా, చాలాసేపు చూస్తారు. ఆ చూపులకు పెద్ద పేరొచ్చింది, న్యాయంగానే వచ్చింది. అయినా వాళ్లెవరో మనకు తెలియదు. మాట తీసేయడం దర్శకుడి నిర్ణయం, దానివల్ల మౌనంగా ఉండాల్సొచ్చింది వాళ్లు. నగిషీలు, పచ్చబొట్లు, ఈకలు ఎంత ఎక్కువుంటే తెర మీద అంతసేపు నిలబడతారన్న విమర్శలో పస ఉంది. ఆస్ట్రియా దర్శకుడు నికోలస్ గెయర్‌హాల్టర్ యూరప్‌లో తిండి ఎలా తయారవుతుందో చూపించిన 'అవర్ డైలీ బ్రెడ్' (2005) ఈ ఉచ్చులో పడలేదు. కెమెరా చాలావరకు కదలకుండా నిలబడి పంటలకు మందు కొట్టడాన్ని, కోడిపిల్లల్ని యంత్రంలోకి పంపడాన్ని, కబేళాను ఒకే దూరం నుంచి చూస్తుంది. మధ్యమధ్య అక్కడ పనిచేసేవాళ్లు కూర్చుని మధ్యాహ్నం తిండి తింటారు. ఏ సంగీతమూ వాళ్లను బాధితుల్ని చేయదు. తినడం చూస్తాం, అంతే. వాళ్ల పని మీద మన తిండి నడుస్తోందన్న సంగతి మనమే కలుపుకోవాలి.

ఈ లోపు ఇంకోటి జరిగింది. పరుగెత్తే మబ్బులు, గీతల్లాంటి ట్రాఫిక్, పై నుంచి తీసిన అడవి, ఇవన్నీ ప్రకటనల భాషైపోయాయి. కారు అమ్మాలన్నా, బీమా అమ్మాలన్నా అవే షాట్లు. ఒకప్పుడు ప్రత్యేకంగా తయారు చేయించుకున్న కెమెరాతో వచ్చిన టైమ్‌లాప్స్ ఇప్పుడు ఫోన్లో ఒక బటన్. 1982లో జనాన్ని కదిలించిన బొమ్మ ఇప్పుడు వాల్‌పేపర్. అందుకే కావచ్చు, గత పదిహేనేళ్లలో వచ్చిన మంచి సినిమాలు ఉల్టా దారి పట్టాయి. రెజియోనే 2013లో తీసిన 'విజిటర్స్' 87 నిమిషాలు, అందులో మొత్తం షాట్లు 74. సగటున ఒక్కో షాట్ నిమిషానికి పైనే, అందులో చాలావరకు మనవైపు చూస్తున్న ముఖాలు. మొదటి ముఖం ఒక గొరిల్లాది. 2012 నాటి 'లెవయథన్' చేపల పడవ మీద బుల్లి కెమెరాలను మనుషులకు కట్టి, నీళ్లలోకి విసిరి, చచ్చిన చేపల మధ్య దొర్లించి తీసినది. అందంగా ఉండటం దాని ఉద్దేశమే కాదు. చూస్తుంటే కడుపులో తిప్పినట్టవుతుంది, చేపల వేట గురించి నేను చూసిన వాటిలో అంత దగ్గరగా వెళ్లింది ఇంకోటి లేదు.

మొదటిసారి చూసేవాళ్లకు వీటిలో ఏదీ సూచించను. నెదర్లాండ్స్‌కు చెందిన బెర్ట్ హాన్‌స్ట్రా 1958లో తీసిన 'గ్లాస్' చాలు, పది నిమిషాల పైచిలుకు ఉంటుంది, ఆస్కార్ కూడా వచ్చింది. గాజు ఊదే పనివాళ్ల బుగ్గలు, వేళ్లు, వెనక జాజ్. తర్వాత సీసాలు చేసే యంత్రం. మూతి విరిగిన ఒక సీసా దగ్గర యంత్రం పట్టు తప్పుతుంది, వెనక వస్తున్నవన్నీ ఒకదానికొకటి గుద్దుకుని పగులుతాయి, చివరికి ఓ మనిషి చెయ్యి వచ్చి సరిచేస్తుంది. ఒకసారి సౌండ్‌తో చూడండి, వెంటనే సౌండ్ తీసేసి మళ్లీ చూడండి. నవ్వు ఎక్కడ కట్ వల్ల వచ్చిందో, ఎక్కడ జాజ్ వల్ల వచ్చిందో విడివిడిగా తెలుస్తుంది. తర్వాత 'కొయానిస్కాట్సి'లోని ట్రాఫిక్ భాగం మీద ఇదే పరీక్ష చేయొచ్చు. అక్కడ సౌండ్ తీసేస్తే మిగిలేది చాలా తక్కువ, గుండా చివరి సన్నివేశంలో మాత్రం దాదాపు అంతా మిగులుతుంది.